కల్లుపాక: చరిత్రలోనూ సాహిత్యంలోనూ

మన కథల్లో తాగుబోతులకు కొరత లేదు. భార్యను కొట్టే తాగుబోతు, పిల్లవాడి పుస్తకాలు తాకట్టు పెట్టే తాగుబోతు, చివరి పేజీలో బుద్ధి తెచ్చుకునే తాగుబోతు - కథల పోటీలకు వచ్చే ప్రతి కట్టలోనూ వీళ్లు తగులుతూనే వుంటారు. కాని ఆ మనిషి ఎక్కడ కూర్చుని తాగాడు, అతని పక్కన ఎవరు కూర్చున్నారు, వాళ్లు ఏం మాట్లాడుకున్నారు అన్న ప్రశ్న కథకులు వేసుకోరు. విమర్శకులమైన మనమూ వేయలేదు. తాగుడు మనకు ఒక వ్యక్తి దౌర్బల్యంగా కనిపించినంతగా ఒక సాంఘిక సంస్థగా కనిపించలేదు. కల్లుపాక నిస్సందేహంగా ఒక సంస్థ. దానికి ఆర్థికమైన పునాది వుంది, కులవ్యవస్థలో ఒక స్థానం వుంది, ప్రభుత్వంతో నూరేళ్లకు మించిన పేచీ వుంది. దాన్ని పక్కనబెట్టి మన ప్రాంతపు శ్రామికుల జీవితం గురించి రాస్తే సగమే రాసినట్టు.

నాది అచ్యుతాపురం ప్రాంతం. విశాఖపట్నానికి నైరుతి దిక్కున, ఎలమంచిలికీ సముద్రానికీ నడుమ వుంటుంది. విశాఖ జిల్లాలో వుండేది, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఒకపక్క పూడిమడక జాలరిపేటలు, ఇంకోపక్క కొండకర్ల ఆవ. ఆ ఆవలో ఇప్పటికీ తాటిదుంగల దోనెలమీదే మనుషులు తిరుగుతారు. తాటిచెట్టు మా వైపు కేవలం చెట్టు కాదు. ఇంటి దూలం అదే, కప్పు అదే, ఎండాకాలం ముంజలూ చలికాలం తేగలూ అవే. సాయంత్రానికి కల్లూ అదే.

నా చిన్నతనంలో, అంటే 1980లలో, పూడిమడక పోయే దారిలో ఒక తాటితోపులో పాక వుండేది. నాలుగు రాటలు, తాటాకు కప్పు, పేడతో అలికిన నేల. కూర్చోడానికి రెండు తాటిదుంగలు, నున్నగా అరిగిపోయినవి. ఒక మూల కుండలు, వాటిమీద ఈగలు వాలకుండా తడిగుడ్డ. తాటాకు దొన్నెలో పోసిచ్చేవారు. నంజుకోవడానికి పూడిమడక ఎండుచేపలు కాల్చినవి, ఉడికించిన శనగలు. పాక నడిపేవాడి భార్యే అవి అమ్మేది. రాటమీద బొగ్గుగీతలు వుండేవి. ఎవరి గీతలు ఎవరివో ఆవిడకు మాత్రమే తెలుసు. ఎవరూ ఆ లెక్కను కాదనగా నేను వినలేదు.

మా నాన్న బెల్లం గానుగ దగ్గర కూలికి వెళ్లేవాడు. పొద్దుగూకితే మా అమ్మ నన్ను పంపేది, నాన్నను పిలుచుకు రమ్మని. పిల్లలు లోపలికి రాకూడదు. అదొక కట్టు. నేను బయట చెట్టుకింద నిలబడి పిలిచేవాణ్ని. ఆయన “వస్తన్నాన్రా” అనేవాడు, రావడానికి మాత్రం అరగంట పట్టేది. ఆ అరగంటలో నేను విన్నవి ఏ బడిలోనూ వినలేదు. ఒకాయన మొన్నటి పేపరు పైకి చదివేవాడు. మిగతావాళ్లు దాన్ని ఖండించేవారు. వలకు ఏ చేప పడిందో, చెరకు రేటు ఎందుకు పడిందో, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్లవాళ్లకు ఉద్యోగాలు ఎన్ని వచ్చాయో, ఎన్ని రాలేదో, అన్నీ అక్కడ తేలేవి. తేలకపోతే రేపటికి వాయిదా పడేవి.

ఈ పాక ఎందుకు పుట్టింది? కూర్చుని కబుర్లు చెప్పుకోవాలన్న సరదా నుంచి కాదు. దీనికి భౌతికమైన కారణం వుంది. గీసేవాడు మోకు కట్టుకుని చెట్టెక్కి గెల కొసను పల్చగా చెక్కి, దానికింద లొట్టి కడతాడు. ఆ పని ఒకసారి చేసి వదిలేసేది కాదు. పొద్దునా సాయంత్రమూ ఎక్కాలి, కొసను మళ్లీ మళ్లీ చెక్కాలి, లేకపోతే గెల ఎండిపోతుంది. దిగిన రసం లొట్టిలోనే పులవడం మొదలుపెడుతుంది. దానికి ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు, గాలిలో వున్న సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరా అవుతుంది. పూయకపోతే పొద్దున తియ్యగా వున్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి పులిసిపోయి నోట పెట్టుకోవడానికి పనికిరాదు. అంటే కల్లు నిలవ వుండదు, దూరం పోదు. ఏ పూటది ఆ పూట, ఏ ఊరిది ఆ ఊళ్లో తాగాల్సిందే. కాబట్టి తాగేచోటు చెట్టుకు దగ్గరగా వుండాలి, గీసినవాడే అమ్మేవాడు కావాలి, తాగేవాడు ఇరుగుపొరుగువాడై వుండాలి. పాకలోని ఆ చనువు, ఆ అప్పు ఖాతా, ఆ మాటలు, ఇప్పుడు మనం తలుచుకుని ముచ్చటపడేవన్నీ, కల్లు పులిసే స్వభావం మీద నిలబడినవే. సారా అలాంటిది కాదు. దాన్ని కాచి, సీసాకెత్తి, సీలు వేసి, వంద మైళ్లు పంపవచ్చు. ఎంత తయారైందో కొలవవచ్చు. కొలవగలిగిన దానిమీద పన్ను వేయడం తేలిక.

ఈ తేడా పట్టుకుంటే తరవాతి చరిత్ర చాలావరకు బోధపడుతుంది.

1879 రంప తిరుగుబాటును మన పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో ముగిస్తాయి. గోదావరి ఏజెన్సీలో కొండవాళ్లు ఆయుధం పట్టడానికి వున్న ముఖ్య కారణాల్లో కల్లు ఒకటి. తమ ఇంటి అవసరానికి చెట్టు గీసుకోవడం వాళ్లకు తరతరాల అలవాటు. ప్రభుత్వం ఆ హక్కును కాంట్రాక్టరుకు కట్టబెట్టింది. పైగా ముఠాలమీద పెత్తనం చేసే మన్సబుదారు చిగురు పన్ను అని ఒకటి వసూలు చేశాడు. చెట్టు తనది, శ్రమ తనది, తాగేది తను. మధ్యలో పన్ను ఎక్కడిది? దీనికి వాళ్లు బాణాలతో సమాధానం చెప్పారు. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకింత అని పన్ను, దుకాణానికి ఏటా వేలం, సారాకు ప్రభుత్వ అదుపులోని బట్టీలు - ఈ పద్ధతి క్రమంగా మైదానాల్లో స్థిరపడింది. గీసేవాడు తన చెట్టుకు తనే కౌలుదారయ్యాడు. మా వైపు ఈ వృత్తి యాతలది, శ్రీశయనులది. 1909లో థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో యాతలను గంజాం, విశాఖపట్నం జిల్లాల గీతవృత్తివాళ్లుగా నమోదు చేశాడు. ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవాడు ఆ కులాలవాడు, వేలంలో దుకాణం పాడుకునేవాడు చాలాచోట్ల పైవాడు.

అదే 1909లో కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చింది. గురజాడ పుట్టింది (1862) మా పొరుగునే, సర్వసిద్ధి రాయవరంలో. ఆయన నాటకంలో సారా దుకాణం రంగం వుంది. మన విమర్శకులు గిరీశం గురించీ మధురవాణి గురించీ వందల పేజీలు రాశారు. ఆ దుకాణం గురించి రాసింది తక్కువ. అక్కడ ఎవరు కూర్చున్నారో చూడండి. శైవుడైన వీరేశ, వైష్ణవుడైన మనవాళ్లయ్య, పోలీసు హవల్దారు, దేశాలు తిరిగానని చెప్పే బైరాగి, దుకాణదారు. బయట ఒకరినొకరు అంటరానివాళ్లన్నట్టు చూసుకునే మతాలు ఇక్కడ ఒకే కుండ చుట్టూ చేరి దెబ్బలాడుకుంటాయి. బైరాగి మహిమలు సారాతోపాటే గొంతు దిగుతాయి. గురజాడ వీళ్లను చూసి నవ్వుతాడు, సందేహం లేదు. కాని నీతి చెప్పడు. తెర పడేముందు ఎవరిచేతా పశ్చాత్తాపం పలికించడు. ఆ రంగం ఊరికి ఒక కచేరి. అధికారమూ మతమూ అక్కడికి వచ్చి చొక్కా విప్పుకు కూర్చుంటాయి. తాగేచోటును సాంఘిక దృష్టితో చూసిన తొలి పెద్ద తెలుగు రచయిత గురజాడేనని నేననుకుంటాను. ఆయన చూసింది కల్లుపాకను కాదు, సారా దుకాణాన్ని అన్నమాట నిజమే. అయినా ఆనాటికి ఆ దుకాణంలో కూర్చునే చోటు ఇంకా వుంది.

ఇది మన దేశానికి పరిమితమైన సంగతి కాదు. జర్మనీలో 1878 నుంచి 1890 దాకా సోషలిస్టు వ్యతిరేక చట్టం నడిచినప్పుడు కార్మికులకు సభ పెట్టుకునే హక్కు లేదు, వాళ్లు తాగే అంగళ్లలోనే కలుసుకున్నారు. అందుకే కౌట్‌స్కీ, మద్యం కార్మికుణ్ని చెడగొడుతుందన్న వాదానికి జవాబు రాస్తూ, ఆ అంగడి కార్మికుడి రాజకీయ స్వేచ్ఛకు మిగిలిన కోట అన్నంతదూరం పోయాడు. అంతకుముందే 1845లో ఎంగెల్స్, మాంచెస్టరు కార్మికుడి తాగుడును వర్ణించి, తప్పు అతని స్వభావంలో కాక అతను బతికే కొంపలోనూ చేసే పనిలోనూ వుందన్నాడు. ఈ రెండు మాటల్లో ఏది నిజమంటే రెండూ నిజమే. మన అభ్యుదయ సాహిత్యం రెండో మాట కొంత విన్నది, మొదటిది అసలు వినలేదు.

ఇంతచెప్పి పాకకు పల్లకీ మోస్తున్నానని పాఠకులు అనుకోకూడదు. నేను చెట్టుకింద నిలబడి చూసినవాటిలో ఇంకొకటి వుంది. పాక కంచెకు బయటివైపు కొబ్బరిచిప్పలు బోర్లించి వుండేవి. మాలపేట నుంచి వచ్చినవాళ్లు ఆ చిప్ప తామే తీసుకుని, తామే కడుక్కుని, దూరంగా పట్టుకుంటే పైనుంచి పోసేవారు. వాళ్లు కూర్చునేది దుంగమీద కాదు, గట్టుమీద. పేపరు చదువుతుంటే వాళ్లూ అక్కడినుంచే వినేవారు, అప్పుడప్పుడూ అక్కడినుంచే జవాబు చెప్పేవారు. మాట కంచె దాటేది, చిప్ప దాటేది కాదు. పాకలో అందరూ సమానమన్న మాట నేను పెద్దయ్యాక చాలామంది నోట విన్నాను. చెప్పినవాళ్లంతా దుంగమీద కూర్చున్నవాళ్లే.

నిషేధం కథ మద్రాసులో మొదలైంది. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు పాకింది. అప్పట్లో మద్రాసు రాష్ట్ర ఆదాయంలో సుమారు నాలుగో వంతు అబ్కారీదే. ఆ లోటు పూడ్చడానికే 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. తాగనివాడు కొన్న బట్టకూ బియ్యానికీ పన్ను పడిందంటే ఆ కథకు మొదలు కల్లుకుండ దగ్గర వుంది. 1948 నాటికి నిషేధం రాష్ట్రమంతటా వచ్చింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మనకు అది వారసత్వంగా దక్కింది. గీతవృత్తివాళ్లు రోడ్డున పడ్డారు. చెట్టు కళ్లముందే వుంది, ఎక్కితే కేసు. వాళ్ల తరఫున శ్రీకాకుళం జిల్లా బారువకు చెందిన గౌతు లచ్చన్న 1954లో ఆందోళన నడిపాడు. రామమూర్తి కమిటీ కూడా నిషేధం ఎత్తివేయమని సిఫారసు చేసింది. ప్రకాశం పంతులు ఒప్పుకోలేదు. ఆ నవంబరులో అవిశ్వాస తీర్మానంమీద ఆయన ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పడగొట్టినవాళ్లలో కమ్యూనిస్టులు ముందున్నారు. దీన్ని మనవాళ్లు ఇప్పుడు గట్టిగా చెప్పుకోవడం లేదు. ఎందుకు చెప్పుకోరో కిందికి వస్తే తెలుస్తుంది.

ప్రభుత్వం పడిపోయినా నిషేధం 1960ల చివరిదాకా సాగింది. ఆ కాలానికి సాక్షి రావిశాస్త్రి. విశాఖపట్నం కోర్టుల్లో ప్లీడరుగా ప్రొహిబిషన్ కేసులను దగ్గరగా చూసినవాడు కాబట్టే ఆరు సారా కథలు రాయగలిగాడు. ఆ కథలను పోలీసుల అవినీతిమీద వ్యంగ్యంగా చదవడం మనకు అలవాటు. నేను వాటిని ఇంకోవిధంగా కూడా చదువుతాను. గురజాడ నాటకంలో తాగేవాళ్లకు ఒక తోట వుంది, కుండ వుంది, కబుర్లున్నాయి. రావిశాస్త్రి కథల్లో మనుషులు కలుసుకునేది పోలీసు స్టేషనులో, కోర్టు వసారాలో, ప్లీడరు గదిలో. ‘మాయ’లో ముత్తేలమ్మ, లోకం తెలియని జూనియర్ ప్లీడరుకు న్యాయం ఎలా నడుస్తుందో పాఠం చెబుతుంది. పాకలో దుంగమీద కూర్చుని నలుగురితో చెప్పవలసిన మాటలవి. చెప్పడానికి పాక లేదు, అందుకని ఫీజిచ్చి పెట్టుకున్న ప్లీడరుతో చెబుతుంది. నిషేధం తాగుడును ఆపలేదు, తాగేచోటును కేసుగా మార్చింది. రావిశాస్త్రి చరిత్ర రాయాలని కూర్చోకపోయినా ఆ మార్పు ఆయన కథల్లో నమోదైంది.

తరవాత ఖజానా మళ్లీ సారావైపు తిరిగింది. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను పల్లెపల్లెకూ చేర్చింది. ప్లాస్టిక్ ప్యాకెట్టు వచ్చింది. దానితో కూర్చోవలసిన పని పోయింది. పంటితో మూల కొరికి, నిలబడి, రెండు గుటకల్లో ముగించి పారేయవచ్చు. దానికి ఇరుగూ పొరుగూ అక్కర్లేదు, పేపరు చదివేవాడు అక్కర్లేదు. పాకలో మా నాన్న అరగంట ఆలస్యం చేసేవాడన్నాను. ప్యాకెట్టు వచ్చాక ఆలస్యం లేదు, దారిలోనే అయిపోయేది. బెల్లం గానుగ కూలి కూడా దారిలోనే అయిపోయేది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ అనే పాఠం చదువుకున్న ఆడవాళ్లు, రోసమ్మ ముందు నిలవగా, సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది, వేలాలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. కారణం మళ్లీ ఖజానాయే. 1954లో నిషేధానికి వ్యతిరేకంగా ప్రభుత్వాన్ని పడగొట్టిన ఎర్రజెండా, 1992లో నిషేధం కోసం దుకాణం ముందు కూర్చుంది. దీన్ని అవకాశవాదమనేవాళ్లు వున్నారు. నేననను. 1954లో ప్రశ్న గీసేవాడి అన్నం, 1992లో ప్రశ్న కూలివాడి భార్య అన్నం. ఒకటి ఇరుగుపొరుగు తాగే పాక, ఇంకొకటి కాంట్రాక్టరు పంపిన ప్యాకెట్టు. చట్టంలోనూ మన కథల్లోనూ రెంటికీ మద్యం అన్న ఒకే పేరు వుండటంవల్ల వచ్చిన చిక్కు ఇది.

అయితే ఈ విభజన ఇంత తేలిక కాదని మా ఊళ్లోనే చూశాను. అక్షరాస్యత ఉద్యమం మా వైపూ వచ్చింది. మా అమ్మ సంతకం నేర్చుకున్నది ఆ లాంతరు ముందే. నాకు పదమూడేళ్లప్పుడు ఒక రాత్రి ఆడవాళ్లంతా కలిసి ప్యాకెట్ల దుకాణంమీదికి వెళ్లారు. సరుకు రోడ్డుమీద పోసి తగలబెట్టారు. అంతటితో ఆగలేదు. అక్కడినుంచి తోపులోకి వెళ్లి పాకలో కుండలు కూడా పగలగొట్టారు. పాక ఆవిడ అడ్డం పడి, ఇది సారా కాదమ్మా, కల్లు, మా కడుపమ్మా అని ఏడ్చింది. మా అమ్మ చేతిలో కర్ర వుంది. నేను ఆ చెట్టుకిందే నిలబడి వున్నాను.

ఈ వ్యాసం మొదటి ప్రతి మా అమ్మకు చదివి వినిపించాను. చిరాగ్గా విన్నది. కబుర్లూ పేపరూ అని బాగానే రాశావు, ఆ అరగంటా పొయ్యిమీద ఎసరు కాగి ఇగిరిపోయేది, బియ్యం ఆయన తేవాలి గదా, అది ఎక్కడ రాశావంది. నేను రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కుండలు పగలగొట్టినందుకు బాధపడ్డావా అని అడిగితే, ఆ అమ్మకు మర్నాడు చోళ్లు పట్టుకెళ్లి ఇచ్చానని మాత్రం చెప్పింది.

పాక తరవాత మళ్లీ వేశారు గాని నిలవలేదు. తోపు వున్న నేలంతా 2000 తరవాత ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చి, ప్లాట్లూ రోడ్లూ అయింది. బట్టల ఫ్యాక్టరీలకు తెల్లవారుజామున బస్సుల్లో ఆడపిల్లలు వస్తారు, మందుల ఫ్యాక్టరీలకు ఒడిశా నుంచీ బీహారు నుంచీ కుర్రవాళ్లు వస్తారు. ఒక గదిలో ఏడెనిమిదిమంది వుంటారు. సాయంత్రం కూడలిలో వైన్‌షాపు ముందు బారులు తీరతారు. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి పోయాయి, పర్మిట్ రూములు ఎత్తేశారు. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్లీ ప్రైవేటువాళ్లకు వచ్చాయి. ఈ మార్పుల్లో దేన్లోనూ తాగేవాడికి పక్కవాడితో మాట్లాడే చోటు వుండాలా అన్న ప్రశ్న చర్చకు రాలేదు. సీసా కొన్నవాడు కాలవగట్టు మీదో, సగం కట్టిన గోడ చాటునో, చీకట్లో, ఫోను వెలుగులో తాగుతాడు. వీళ్లకు యూనియన్ ఎందుకు నిలవడంలేదని మా మిత్రులు సభల్లో తలపట్టుకుంటారు. వాళ్లు పని అయ్యాక కలుసుకునే చోటు ఏదో చెప్పమని నేనడిగితే, ఉపాధ్యాయుడు అడగవలసిన ప్రశ్నేనా అన్నట్టు చూశారు. ఆడపిల్లలు ఎక్కడ కూర్చుంటారో అయితే నేనూ అడగలేదు. పాక వున్న రోజుల్లోనూ దానికి జవాబు లేదు.

ఆ పాకవాళ్ల బంధువు ఒక ముసలాయన ఇప్పటికీ అయిదారు చెట్లు గీస్తున్నాడు. రాంబిల్లి పోయే రోడ్డు పక్కన పాత మంచినీళ్ల సీసాల్లో కల్లు పోసి, మూతలు వదులుగా బిగించి అమ్ముతాడు. గట్టిగా బిగిస్తే పొంగి పేలుతుంది. బళ్లమీద పోయేవాళ్లు ఆగి, కొనుక్కుని, ఇంజను ఆపకుండానే వెళ్లిపోతారు. ఈ వ్యాసం కోసమే ఒక ఆదివారం వెళ్లి పలకరించాను.

“తాతా, ఎలా వుంది బేరం?”

“బేరానికేటి మాస్టారూ, అమ్ముడవుతాది. కానీ సీసా అట్టుకుని ఎల్లిపోతారు. ఒక్కడూ మాటాడడు. ఏ ఊరోడో తెల్దు, ఎవలి కొడుకో తెల్దు.”

పాత పాకలో రాటమీద బొగ్గుగీతల సంగతి అడిగాను. నవ్వాడు. మా నాన్న గీతలు ఎన్నో ఇంకా చెరపలేదన్నాడు. నేను డబ్బు తీయబోతే వద్దన్నాడు.

“కూకోండి మాస్టారూ, సెప్తాను” అన్నాడు.

కూర్చోడానికి అక్కడ ఏమీ లేదు. సైకిలు మోటారుకు స్టాండు వేసి, దానిమీదే కూర్చున్నాను.